శకటు ముందరి బంటు

1906 జూలై 3, మంగళవారం

నల్లపావులతో ఆడేవాడు, ఆట సరిగ్గా మొదలు కాకముందే, తన రాజు పక్క తలుపు తానే తీసి పెట్టడం ధైర్యమా, తెలివితక్కువా?

ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న మోస్తున్నాను. మద్రాసులో బి.ఏ. చదివేటప్పుడు లాజిక్ క్లాసులో నోట్‌బుక్కు చివరి పేజీల్లో గళ్లు గీసుకుని దీన్నే చూస్తూ కూర్చునేదాన్ని. ఇప్పుడు నలభై నాలుగేళ్లు వచ్చాయి. రాజమండ్రిలో మిషన్ ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్‌ని. జవాబు మాత్రం దొరకలేదు.

సంగతి చిన్నది. తెల్లవాడు రాజు ముందరి బంటును రెండు గళ్లు తోస్తాడు. నల్లవాడూ అంతే. తెల్లవాడు గుర్రాన్ని బయటికి తీసి ఆ నల్లబంటు మీద కన్నేస్తాడు. ఇక్కడ బుద్ధిమంతులందరూ తమ గుర్రం ఒకటి తీసి బంటును కాచుకుంటారు. మా నాన్నగారు కాచుకోరు. రాజు పక్కనున్న శకటు ముందరి బంటును రెండు గళ్లు ముందుకు తోస్తారు. ఒక బంటుకే కాపలా లేదంటే రెండోదాన్ని కూడా తీసుకెళ్లి ఎదురు నిలబెడతారు. దాంతో రాజుకు ఆ పక్క గోడ లేకుండా పోతుంది.

ఈ రోజు కూనూరు నుంచి విల్మట్ దొర కార్డు వచ్చింది. ఆయన ఒకప్పుడు ధవళేశ్వరంలో కాలువల ఇంజనీరు. నాన్నగారు, అంటే వీరాస్వామి మాస్టారు, ఆయనకు తెలుగు నేర్పారు. ఆయన నాన్నగారికి ఇంగ్లీషు పద్ధతి చదరంగం నేర్పారు. దొర పెన్షను పుచ్చుకుని కొండల మీదికి వెళ్లి పదిహేడేళ్లయింది. అప్పటినుంచీ ఇద్దరూ పోస్ట్‌కార్డుల మీద ఆడుకుంటున్నారు. ఒక కార్డుకి ఒక ఎత్తు. వెళ్లి జవాబు రావడానికి వారం పైనే.

ఇదే చివరి ఆట అని రాశారు. మార్చి ఆఖరున ఓడ ఎక్కి స్వదేశం వెళ్లిపోతారట. తెల్లపావులు ఆయనవి. మొదటి రెండు ఎత్తులూ ఎన్నడూ మారవు గనుక ఒకే కార్డు మీద రాసేశారు.

నాన్నగారికి శుక్లాలు ముదిరి రెండేళ్లుగా చూపు లేదు. పావులను వేళ్లతో తడిమి ఆడతారు. కార్డులు నేనే చదవాలి, నేనే రాయాలి. నేను గుర్రం అనే మాట పూర్తి చేయకముందే ఆయన వేలు ఆ బంటు మీదికి వెళ్లింది. రాయమ్మా, రెండు గళ్లు, అన్నారు.

నల్లవాటితో పదకొండు ఆటల్లో ఇదే ఎత్తు. తొమ్మిది ఓడారు. ఒకటి సమం. ఒకటి గెలిచారు, 1894లో. క్రిందటేడు ఓడినప్పుడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆయనకు డెబ్బై ఆరు.

జూలై 4

కార్డు రాశాను. పోస్టు చేయలేదు.

జూలై 5, సాయంత్రం

చేయకూడని పని చేశాను.

పోస్టాఫీసు మెట్ల మీద నిలబడి నాన్నగారి కార్డు చించేశాను. కొత్త కార్డు కొని, మంత్రివైపు గుర్రం బయటికి, అని రాశాను. బుద్ధిమంతులు ఆడే ఎత్తు. మద్రాసు నుంచి తెప్పించిన ఓపెనింగుల పుస్తకం నాన్నగారి బంటుకు అరపేజీ కేటాయించి, నల్లవారికి సిఫారసు చేయలేము అని ముగించింది. సిఫారసు చేయలేనిదాన్ని చివరి ఆటలో ఎందుకు ఆడనివ్వాలి, మళ్లీ రెండు రోజులు పస్తు ఎందుకు ఉండనివ్వాలి అనుకున్నాను. మెట్ల మీద అది సరిగానే కనిపించింది.

మరచిపోయిన సంగతి ఒకటుంది. పోస్ట్‌కార్డుకు కవరు ఉండదు. పోస్ట్‌మాస్టరు జగన్నాథరావుగారు ఏళ్ల తరబడి ఈ ఆటలన్నీ చదువుతున్నారు. వెనక గదిలో టపా సంచుల పక్కన బల్ల పెట్టుకుని వాళ్ల స్టాఫంతా ఎత్తు ఎత్తునా ఆడి చూసుకుంటారు. కార్డు అందుకుని, కళ్లజోడు పైకి తోసి, మళ్లీ దించి చూశారు. ఇదేంటండీ టీచరుగారూ, మాస్టారు మళ్లీ మతం మార్చుకున్నారా ఏంటి, అన్నారు. ఆ మాట మా ఇంటి వాళ్లతో మరొకరు అని ఉంటే ఊరుకునేదాన్ని కాదు. ఈ రోజు తలవంచుకుని, నాన్నగారికి చెప్పకండి అని బతిమాలాను.

ఆయన కార్డు మీద ముద్ర కొట్టారు. టపా రహస్యం కాపాడ్డం మా ఉద్యోగం అండి, చదవకుండా ఉండమని మాత్రం రూల్సులో ఎక్కడా లేదు, అన్నారు.

జూలై 16

దొర జవాబు వచ్చింది. నా గుర్రం మీదికి శకటును తీశారు. మామూలు ఆటకు మామూలు ఎత్తు. నాన్నగారి ఆటలో దానికి అర్థం లేదు.

ఉదయం మెయిలు వంతెన ఎక్కిన చప్పుడు వినగానే నాన్నగారు బల్ల ముందుకు జరిగి కూర్చున్నారు. రైలు వచ్చిన గంటన్నరకు పోస్టు ఇంటికి వస్తుందని ఆయన లెక్క. దొరగారేమన్నారు, అని అడిగారు. నేను కార్డు చేతిలో పట్టుకుని, గుర్రం బంటును కొట్టింది, అన్నాను. పుస్తకం చెప్పిన గట్టి జవాబు అదే. నా గొంతు మామూలుగానే ఉంది. అబద్ధం ఇంత తేలిగ్గా పలుకుతుందనుకోలేదు.

ఆయన నవ్వి, దొరగారు ఈసారి చదువుకుని వచ్చారమ్మాయ్, అన్నారు. మంత్రిని ముందుకు తీశారు.

అంటే ఇప్పుడు ఆటలు రెండు. ఒకదాంట్లో నేను నల్లపావులతో దొరతో ఆడుతున్నాను. ఇంకోదాంట్లో తెల్లపావులతో నాన్నగారితో ఆడుతున్నాను. తాము ఆడుతున్నది ఎవరితోనో వాళ్లిద్దరికీ తెలియదు. ఇంట్లో బల్ల మీద నాన్నగారి ఆట ఉంది. దొర ఆటకు చిన్న బల్ల ఒకటి కొని బడిలో నా గది అల్మరాలో పెట్టాను. అది సంచిలో పెట్టుకుని వెళుతుంటే వంటమనిషి తలుపులమ్మ చూసింది. బళ్లో కూడా ఓ మాస్టారుగోరున్నారేంటండీ, అంది.

ఆగస్టు 12, ఆదివారం

గోదావరికి ఎర్రనీరు వచ్చి వారమైంది. కోటిలింగాల రేవులో మెట్లు కనబడటం లేదు. వానకు మిషన్ గుడికి కూడా వెళ్లలేక నాన్నగారూ నేనూ ఇంట్లోనే ప్రార్థన చేసుకున్నాం. తరువాత ఆయన తడి చేతులు తుండుగుడ్డకు తుడుచుకుని పాత సంగతులు ఎత్తారు.

భీమవరం దగ్గర పాపారాజుగారి కమతంలో ఆయన పాలేరుగా ఉండేవారు. అప్పటికి ఇరవై ఏళ్లు. మధ్యాహ్నాలు పాపారాజుగారు అరుగు మీద చదరంగం ఆడేవారు. మా వాళ్లు అరుగు ఎక్కడానికి లేదు, వీధిలో నిలబడి చూడాలి. రాజుగారు వీధికి వీపు పెట్టి కూర్చునేవారు. అందుకని నాన్నగారు ఆట మొత్తం ఆయన భుజం మీదుగా, ఆ ఒక్క వైపు నుంచే నేర్చుకున్నారు. పావును చేత్తో ముట్టుకున్నది మిషన్‌లో చేరాక. పాపారాజుగారు ఏ పావులతో ఆడినా ఆ శకటు ముందరి బంటునే తోసేవారట. మన ఆటలో బంటు ఒక్కసారికి ఒక్క గడే నడుస్తుంది గనుక రెండు విడతల్లో తోసేవారు.

రాజు పక్క అలా ఖాళీ అయిపోతే ఆయనకు భయం వేయలేదా అని అడిగాను. భయమెందుకు, మన రాజు దూకుతాడుగా, అన్నారు.

అదీ అసలు సంగతి. మన దేశవాళీ ఆటలో, ఒక్కసారి కూడా చెక్ పడని రాజుకు, ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉంది. పక్క గోడ పడిపోయినా, కొంప మునిగే వేళకు రాజు దూకి బయటపడతాడు. ఇంగ్లీషు ఆటలో ఆ హక్కు లేదు. దానికి బదులు రాజును ఏనుగు చాటుకు చేర్చే కాస్లింగ్ ఉంది. నాన్నగారు ఒక ఆటలోంచి ఇంకో ఆటలోకి వచ్చేటప్పుడు తీసిన తలుపును వెంట తెచ్చుకున్నారు, దూకే హక్కును వదిలి వచ్చారు. ధవళేశ్వరంలో దొర నవ్వి దానికి అరుగు ఎత్తు అని పేరు పెట్టారట. అప్పటినుంచి నాన్నగారు దాన్ని మానలేదు. దొరతో ఆడిన ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా రాజును దూకించనూ లేదు. ఆ పద్ధతి నాతో ఆడినప్పుడే. చిన్నప్పుడు నేను ఇంగ్లీషు రూల్సు చెప్పబోతే, మనింట్లో మన రాజు దూకుతాడు, అనేవారు.

సెప్టెంబరు 9, ఆదివారం

దొరతో ఆట చప్పగా నడుస్తోంది. ఆయన గుర్రానికి నా గుర్రం, ఆయన శకటుకు నా శకటు. కౌంటరు దగ్గర జగన్నాథరావుగారు ఆవులించి, మా సార్టరు నిద్రపోతున్నాడండి, మాస్టారి ఆటప్పుడు వాడు భోజనానికి కూడా వెళ్లేవాడు కాదు, అన్నారు.

ఇంట్లో ఆట అలా లేదు. ఏడో ఎత్తుకే పుస్తకం అయిపోయింది. నాకు ఒక బంటు ఎక్కువ ఉంది. పుస్తకం ప్రకారం నాదే పైచేయి. అయినా నా వైపు కూర్చుంటే నిలవలేకుండా ఉన్నాను. ఆయన తీసిన తలుపులోంచి నేను లోపలికి వెళ్లాలో, ఆయనే బయటికి వస్తున్నారో తెలియడం లేదు.

ఇన్నేళ్లూ నేనూ ఆ ఎత్తును ఆయన భుజం మీదుగానే చూశాను. చిన్నప్పటి ఆటలు వదిలేస్తే, ఎదురుగా కూర్చోవడం ఇదే మొదలు.

అక్టోబరు 20

ఈసారి కార్డు కాదు, కవరు. మాస్టారుగారికి అని పైన తెలుగులో రాశారు దొర.

ఇన్నేళ్లలో మీరు ఆ బంటు తోయని మొదటి ఆట ఇది, ఒంట్లో బాగుందా అని అడిగారు. ఈసారి దానికి జవాబు కనిపెట్టాలని ఏడాదిగా కూర్చుని లెక్కలు వేశారట, ఆ కాగితాలన్నీ దండగైపోయాయట. ఒక మాట ఒప్పుకోవాలి అని రాశారు. దానికి అరుగు ఎత్తు అని పేరు పెట్టి నవ్వింది తనే గానీ, గెలిచిన తొమ్మిదిట్లో మూడో నాలుగో తాను ఓడిపోవలసినవే, మాస్టారు ఒక ఎత్తు తొందరపడ్డారు గనుక బతికాను, అన్నారు. చివరిసారి దాన్ని ఎదుర్కోకుండా వెళ్లిపోవడం ఏదో వెలితిగా ఉంది, అని ముగించారు.

ముప్ఫై ఏళ్లుగా నాన్నగారు వినాలని ఎదురుచూసిన మాట ఇది. నా చేతిలో ఉంది. చదివి వినిపించాలంటే ముందు మిగతాది చెప్పాలి.

పోస్టు ఏమైనా వచ్చిందా అని అడిగారు. బడి ఇన్‌స్పెక్టరు నుంచి అన్నాను.

నవంబరు 2

చెప్పేద్దామని రెండుసార్లు ఆయన మంచం దాకా వెళ్లాను. మజ్జిగ కావాలా అని అడిగి వచ్చాను.

నవంబరు 4, ఆదివారం

పాస్టరుగారి ప్రసంగం ఒక్క ముక్క వినలేదు. 1889 గుర్తుకు వచ్చింది.

బి.ఏ. అయిన మరుసటి ఏడు ఎడింబరో వెళ్లి వైద్యం చదవడానికి నాకు స్కాలర్‌షిప్పు ఇస్తామన్నారు. ఇంట్లో అప్పుడు నాన్నగారూ నేనే. అమ్మ దీనమ్మ అప్పటికే పోయింది. నాన్నగారు ఒక్క క్షణం ఆలోచించలేదు. వెళ్లు, అన్నారు. నీళ్లూ చలీ నాకు పడకపోతే? ఎవరూ మాట్లాడే మనిషి లేకపోతే? అని అడిగాను. పడకపోతే వచ్చేద్దువుగాని, వెళ్లకపోతే ఎక్కడికని వస్తావు, అన్నారు. వెళుతున్నానని రాయమని చెప్పి ఆయన బడికి వెళ్లారు. నేను రాలేనని రాశాను. సీటు వేరే అమ్మాయికి ఇచ్చేశారట అని ఆయనతో చెప్పాను.

ఈ పదిహేడేళ్లలో ఆ సంగతి ఈ డైరీలో కూడా రాయలేదు.

ఈ ఇంట్లో ధైర్యమైన ఎత్తులు ఆయన చెబుతారు. నేను వేరేవి రాసి పోస్టు చేస్తాను.

డిసెంబరు 26

ఇరవై నాలుగో తేదీ సాయంత్రం నేను పాటల ప్రాక్టీసులో ఉండగా జగన్నాథరావుగారు పండగ పేరు చెప్పి మా ఇంటికి వచ్చారట. రావులపాలెం చక్రకేళీ అరటిపళ్ల అత్తాలు రెండు తెచ్చారు. ఎంతసేపున్నారు అని తలుపులమ్మను అడిగాను. గంటపైనేనండీ, అంది. ఏం మాట్లాడుకున్నారు అంటే, ఆ బల్ల మీద ఇద్దరూ నాలుగు చేతులూ వేసేసి గుసగుసలండీ, నన్ను కాఫీ పెట్టమని పంపించేశారండీ, అంది.

ఈ ఉదయం పోస్టాఫీసు తెరవగానే వెళ్లాను. ఆయ్, చదరంగం మాటే ఎత్తలేదండి, అన్నారు ఆయన. మా దేవుడి మీద ఒట్టు చాలదంటే పండగ పూట మీ ప్రభువు మీద వేస్తాను, అన్నారు. అయితే గంటసేపు ఏం మాట్లాడారండీ అంటే, మోకాళ్ల నొప్పులు, అన్నారు.

మోకాళ్ల నొప్పులకు గుసగుసలెందుకో అడగలేకపోయాను. వెనక ఎవరో స్టాంపులకు నిలబడి ఉన్నారు.

1907 జనవరి 13, ఆదివారం

నాన్నగారిలో మార్పు ఉంది. లేదా నేనే వెతుక్కుంటున్నాను.

ఇదివరకు కార్డు రాగానే, దొరగారేమన్నారు, అనేవారు. క్రిస్మస్ తరువాత ఒక్కసారీ అనలేదు. ఏమొచ్చింది, అంటున్నారు. నా ఎత్తు చదవగానే ఇదివరకు పావు తడుముకునేవారు. ఇప్పుడు ముందు ముఖం నా వైపు తిప్పి కాసేపు ఉంటున్నారు. మొన్న నేను ఏనుగును ఒక మూలకు జరిపి తప్పు చేశాను. అబ్బే, ఇది తొందరపాటు ఎత్తు, రాసినవాళ్లకు నిద్ర చాలలేదు, అన్నారు.

ఇంకో పక్క, ఇదే వారంలో తలుపులమ్మను రెండుసార్లు దీనమ్మా అని పిలిచారు. అది పలికింది కూడా. ఏం చెయ్యనండీ, పెద్దాయన నోట్లోంచి ఆ పేరు అంత మెత్తగా వస్తే కాదనలేకపోయానండీ, అంది.

ఫిబ్రవరి 6

దొర సమం చేసుకుందామన్నారు. సరేనని రాసి నాన్నగారి పేరు సంతకం చేశాను. నల్లపావులతో పదిహేడేళ్లలో రెండో సమం. ఏ పస్తూ లేదు. నేను కోరుకున్నదే జరిగింది.

జగన్నాథరావుగారు ముద్ర కొట్టి, ఆట బాగానే నిలబెట్టుకున్నారండి, అన్నారు. ఎవరు అని చెప్పలేదు.

ఇక కూనూరు నుంచి ఎత్తులు రావు. ఇంట్లో ఆట మాత్రం మిగిలి ఉంది. పాత కార్డు ఒకటి చేతిలో పట్టుకుని, మెయిలు వచ్చిన గంటన్నరకు గదిలోకి వెళ్లి, చదువుతున్నాను.

ఫిబ్రవరి 24, ఆదివారం

పంతొమ్మిదో ఎత్తు నాది. మంత్రితో చెక్ చెప్పవచ్చు. ఆయన రాజు కదలాలి, లేదా ఏదైనా అడ్డం పెట్టుకోవాలి. పుస్తకం రాసినవాడైతే కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఒక పూటంతా చూసి, చెప్పకుండా శకటును జరిపాను.

కారణాలు: చెక్ వల్ల వెంటనే ఒరిగేదేమీ లేదు. నా మంత్రి దూరమైపోతుంది. దాడి ఇంకా కూడదీసుకోవాలి.

ఇవి కారణాలేనా?

మార్చి 10, ఆదివారం

దొర ఓడ ఈ నెల 30న. నాన్నగారు నాతో క్యాలెండరు మీద గీత పెట్టించారు. ఆలోగా ఆట తేలాలమ్మా, అన్నారు.

ఓడిపోదామా అని ఆలోచించాను. ఎంత సులభం. ఒక్క ఏనుగును తప్పు గడిలో పెడితే చాలు, ఆయన ఎత్తు గెలుస్తుంది. దొరను గెలిచానని నమ్ముతారు. కానీ అప్పుడు ఆ గెలుపు కూడా నేను రాసిచ్చిందే అవుతుంది. ఇప్పటికే ఆయన చేతిలోంచి ఒక ఆట లాక్కున్నాను. మిగిలిన ఈ ఒక్కటైనా నిజంగా ఆడాలి. ఆయన బంటు నిలబడితే నా బలం మీద నిలబడాలి, పడితే నా బలానికి పడాలి.

కూర్చుని ఆడాను. నా శక్తి కొద్దీ ఆడాను. ఇంత బాగా ఎప్పుడూ ఆడలేదు.

మార్చి 13

దొరికింది. ఆయన రాజు కదలకుండా పుట్టిన గడిలోనే ఉన్నాడు. ఏనుగులు రెండూ ఎప్పుడో కదిలాయి గనుక కాస్లింగ్ లేదు. నా మంత్రి, నా శకటు ఆ తెరిచిన పక్క మీద గురిపెట్టి ఉన్నాయి. ఆయన ఏం ఆడినా రెండెత్తుల్లో ఆటకట్టు. నాలుగుసార్లు సరిచూసుకున్నాను.

చదివి వినిపించాను. నాన్నగారు పావులన్నీ ఒక్కొక్కటిగా తడిమారు. బాగుంది, అన్నారు. చాలా బాగుంది. నాకు టైము కావాలి, అన్నారు.

పుస్తకం చెప్పింది నిజమేనన్నమాట. సంతోషం లేదు. బడికి వెళ్లి ఐదో క్లాసు పిల్లలను ఊరికే కోప్పడ్డాను.

మార్చి 14

ఇంకా ఆలోచిస్తున్నారు. అన్నం తిన్నారు.

మార్చి 17, ఆదివారం, ఉదయం 7 గంటలు

పిలిచారు. బల్ల ముందు స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని కూర్చున్నారు. రాయమ్మా, అన్నారు. కార్డూ కలమూ తీసుకున్నాను.

రాజు గుర్రంలా దూకాడు, అన్నారు.

అని, తడుముకోకుండా రాజును పట్టుకుని, రెండు గళ్లు ముందుకూ ఒకటి పక్కకూ తీసుకెళ్లి పెట్టారు. పావు అడుగున ఉన్న గుడ్డ చప్పుడు కాకుండా ఆనింది. వేళ్లు దాని మీదే ఉంచారు.

కార్డు ఇంకా ఖాళీగానే ఉంది. రాశావా, అని అడిగారు. రాశానన్నాను.

గుడికి టైమైంది, వెళ్లు, అన్నారు.

అదే రోజు, మధ్యాహ్నం

మూడుసార్లు ఆడి చూశాను. ఆ దూకుడు చెల్లితే నా దాడి గాలిలో కలిసిపోతుంది. జూలైలో ఆయన తీసి పెట్టిన ఆ తలుపులోంచే ఆయన ఏనుగు బయలుదేరి నా రాజు మీదికి వస్తుంది. ఐదెత్తుల్లో నాకే ఆటకట్టు. చెల్లకపోతే ఆయనకు రెండెత్తుల్లో.

దొరతో ఆటైతే చెల్లదు. అది ఆయనకు నాకంటే బాగా తెలుసు. మరి ఎందుకు దూకించారు? పాపారాజుగారి అరుగు ముందు నిలబడి ఉన్నారా ఇప్పుడు, తలుపులమ్మ దీనమ్మగా కనిపించినట్టే? లేక ఎదురుగా కూర్చున్నది ఎవరో తెలుసా? మనింట్లో మన రాజు దూకుతాడు. ఆ మాట ఆయన నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ముఖం చూశాను. నవ్వు ఉంది. కానీ ఆయన నిద్రలో కూడా అలాగే ఉంటారు.

ఇంకొకటి. చెక్ పడిన రాజుకు ఆ హక్కు పోతుంది. పంతొమ్మిదో ఎత్తులో నేను చెక్ చెప్పి ఉంటే ఈ ప్రశ్నే ఉండేది కాదు. ఆయన దూకే దారిని కాపాడి ఉంచింది నేనే. తెలిసి చేశానా? నా శక్తి కొద్దీ ఆడానని ఇదే డైరీలో రాశాను. ఆ పేజీ మళ్లీ చదివాను. అప్పుడు నిజమనే రాశాను.

మార్చి 23

జగన్నాథరావుగారిని ఆఖరిసారి అడిగాను. ఆ సాయంత్రం మీరు చెప్పారా, లేదా? ఆయన టపా సంచి ముడి బిగిస్తూ, నేను చెప్పలేదండి, అన్నారు. సంచి పక్కన పెట్టి, మాస్టారు నన్ను అడగనూ లేదండి, నా చేతిని పట్టుకుని బల్ల మీద పావులన్నీ ఒక్కొక్కటే తడిమించారు, అంతే, అన్నారు. ఆ బల్ల మీద ఉన్నది కూనూరు ఆట కాదని మీకు తెలియకుండా ఉంటుందా, అని అడిగాను. నా చెయ్యి ఎక్కడైనా ఆగిందేమో మరి, నాకు గుర్తు లేదు, అన్నారు.

మార్చి 30

ఈ రోజు ఓడ. క్యాలెండరులో గీత ఉంది. దొర చివరి కార్డు నిన్నటి టపాలో వచ్చింది. ఎత్తులేవీ లేవు. మాస్టారికి నమస్కారాలు, ఆ బంటుకు కూడా, అని తెలుగులో రాశారు. ఇది మాత్రం ఉన్నది ఉన్నట్టు చదివాను. నాన్నగారు కార్డు తీసుకుని, వాసన చూసి, జేబులో పెట్టుకున్నారు.

ఏప్రిల్ 2, మంగళవారం

మెయిలు వంతెన ఎక్కింది. గంటన్నర ఆగి, ఏమొచ్చింది, అన్నారు.

ఓడ వెళ్లిపోయిందని ఆయనకు తెలుసు. ఇంకా రాలేదు నాన్నగారూ, అన్నాను. రానీలే, తొందరేముంది, అన్నారు.

దుమ్ము తుడుద్దామని బల్ల మీద నుంచి నల్లరాజును ఎత్తాను. తిరిగి ఏ గడిలో పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆ బంటును తోయవచ్చా, కూడదా? నాకు ఇప్పటికీ తెలియదు.